గాజు లాక్టోమీటర్: పక్కన థర్మామీటర్ ఉంటేనే పూర్తి ఉపయోగం

మా ఊళ్లో గేదె పాలు పోయించుకుని టౌన్‌లో అమ్ముతాను. పాలలో ముంచి సాంద్రత కొలిచే, 27 డిగ్రీల సెల్సియస్‌కి గుర్తులు పెట్టిన ఈ గాజు లాక్టోమీటర్‌ని ఏళ్ల తరబడి రెండు పూటలా వాడుతున్నాను. పనితనానికి వంక పెట్టలేను. పాల వేడి చూడకుండా రీడింగ్ చదివేసే అలవాటు మీదే నా కోపమంతా.

అప్పుడే పితికిన పాలు 35 డిగ్రీల దాకా వెచ్చగా ఉంటాయి. వేడికి పాలు వ్యాకోచించి సాంద్రత తగ్గుతుంది, లాక్టోమీటర్ ఎక్కువ మునుగుతుంది. 27 పైన ప్రతి డిగ్రీకీ రీడింగ్‌కి 0.2 కలపాలి. అంటే 30 రావాల్సిన పాలు 28.4 దగ్గరే ఆగుతాయి. ఎస్.ఎన్.ఎఫ్. (పాలలో వెన్న కాకుండా ఉండే ఘనపదార్థాలు) సూత్రంలో రీడింగ్‌ని నాలుగుతో భాగిస్తారు కాబట్టి ఆ తేడా 0.4 శాతం అవుతుంది. రైతుకి రేటు కట్టేది దాన్ని బట్టే!

వేరే చోట నీళ్ల పాలు అని తిప్పి పంపేస్తే ఒక పెద్దావిడ క్యాను పట్టుకుని మా దగ్గరకి వచ్చింది. "చుక్క నీళ్లు పోస్తే ఒట్టు బాబూ" అంది. పాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. గిన్నెని చన్నీళ్ల తొట్టిలో పెట్టి 27కి చల్లార్చి, ఆవిడ ఎదుటే లాక్టోమీటర్ వేశాను. సరిగ్గా 30 దగ్గర నిలబడింది. ఆవిడ మొహం చూశాక థర్మామీటర్ లేకుండా ఎవరి పాలూ కొలవకూడదనిపించింది.

ఫ్రిజ్ పాలతో ఇంకో చిక్కు. చల్లదనానికి పాలు కాస్త చిక్కబడి లాక్టోమీటర్ కుదురుకోడానికి టైమ్ పడుతుంది. పైగా లోపలి వెన్న కొంత గడ్డకట్టి ఉంటుంది, కాబట్టి 0.2 లెక్క అంత దూరం పనిచేయదు. 40 డిగ్రీలకి వెచ్చచేసి, నురగ రాకుండా కలిపి, 27కి దించాకే కొలవాలి. గుర్తు చదివేటప్పుడు పాలు లాక్టోమీటర్ కాడని పట్టుకుని పైకి పాకిన అంచునే చూడాలి.

లోపం ఒకటుంది. వెన్న తీస్తే రీడింగ్ పెరుగుతుంది, నీళ్లు పోస్తే తగ్గుతుంది. రెండూ చేసిన పాలని ఇది పట్టుకోలేదు, వెన్న శాతం విడిగా చూడాల్సిందే. కాడకి ఎండిన పాలు అంటుకున్నా బరువు పెరిగి తప్పు చూపిస్తుంది. వాడిన వెంటనే కడగండి, మరిగే నీళ్లతో మాత్రం వద్దు, గాజు పగులుతుంది.

కొనేటప్పుడు లోపలి కాగితం మీద ఏ ఉష్ణోగ్రత రాసి ఉందో చూడండి. 60 ఫారన్‌హీట్‌వి, 84 ఫారన్‌హీట్‌వి కూడా ఉన్నాయి, వాటికి కలిపే లెక్క వేరు.