పాకాల సూపర్‌మార్కెట్‌లో ఐదేళ్ల నెల సరుకులు

మన వైపు చిన్న ఊళ్లలో వరుసగా శాఖలు తెరిచిన ఒక సూపర్‌మార్కెట్ మా పాకాలలోనూ అంగడి పెట్టి ఐదేళ్లు దాటింది. మొదటి నెల నుంచీ మా ఐదుగురికీ నెల సరుకులు అక్కడే కొంటున్నాను. అంతకుముందు ధర కాస్త తగ్గుతుందని చిత్తూరుకో తిరుపతికో బస్సెక్కి, సంచులు మోసుకుని సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లం. ఆ తిప్పలు తప్పించినందుకు ఈ అంగడికి నేను మనస్ఫూర్తిగా కృతజ్ఞురాలిని.

కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, శనగనూనె నాణ్యత నిలకడగా ఉంది. పప్పు ఏ నెల తెచ్చినా అన్నే విజిళ్లకు ఉడుకుతుంది. రాగిపిండి మాత్రం కొనడం మానేశాను. అరలో నెలల తరబడి ఉన్న ప్యాకెట్ తెచ్చి సంగటి కెలికితే ముక్కవాసన వచ్చింది. రాగులు కొని ఆడించుకోవడమే మేలు.

బియ్యం దగ్గర ఒక సంగతి గమనించాలి. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతోంది. అంతకు మించిన మూటకు ఆ పన్ను లేదు కనుక, 25 కిలోలుగా వచ్చే సోనా మసూరి మూట 26 కిలోలైంది. మూట ధరను 26తో, పది కిలోల సంచి ధరను 10తో భాగించి, కిలో ధరలు పోల్చి చూడండి. మా ఇంటికి మూటే గిట్టుబాటు. ఇద్దరే ఉండే పెద్దవాళ్లకు పురుగు పట్టే భయం ఉంటుంది కాబట్టి చిన్న సంచే మంచిది.

నన్ను నిజంగా బాధపెట్టింది అర మీది ధర చీటీ. ఒకసారి కందిపప్పుకు చీటీ మీద ఉన్న ధర కన్నా బిల్లులో కిలోకు పద్నాలుగు రూపాయలు ఎక్కువ పడింది. మరునాడు బిల్లు పట్టుకుని వెళితే, కౌంటర్ దగ్గరి అమ్మాయి "కంప్యూటర్లో ధర మారిందక్కా, చీటీ మార్చలేదు" అని మర్యాదగానే తేడా తిరిగి ఇచ్చింది. వారం తర్వాత వెళ్లినా అదే పాత చీటీ ఉంది. ఆ రోజు నా ముందు నిలబడిన పెద్దాయన, చీటీలు చూసి లెక్క వేసుకున్న డబ్బు బిల్లుకు చాలక, సబ్బు ఒకటి వెనక్కి పెట్టేశారు. రూపాయి రూపాయి లెక్కపెట్టుకుని వచ్చే ఊళ్లో ఈ నిర్లక్ష్యం చిన్న తప్పు కాదు.

కూరగాయలు అక్కడ కొనను. మదనపల్లె టమోటా మార్కెట్ ఇంత దగ్గర ఉండగా మెత్తబడిన టమోటాలు ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు. చలికాలంలో పితికిపప్పు చేయడానికి అనపకాయలు కావాలంటే గంపలో తెచ్చి అమ్మే ఆడవాళ్ల దగ్గరికే వెళ్లాలి. మామిడి డబ్బు చేతికి వచ్చాక బాకీ తీర్చే రైతులకు శెట్టి అంగడి ఖాతా పుస్తకమే ఇప్పటికీ ఆధారం; సూపర్‌మార్కెట్‌లో అప్పు పెట్టరు.

పప్పులకూ నూనెకూ నేను ఇక్కడికే వెళ్తున్నాను, బిల్లును మాత్రం గడప దాటకముందే సరిచూసుకుంటాను. పోయిన నెల కందిపప్పు చీటీ సరిగ్గానే ఉంది, చక్కెరది ఇంకా మార్చలేదు.