ఫ్లూ నిఘా: అందరి జ్వరాల లెక్కా, కొందరి శాంపిల్ పరీక్షా? ఏది మేలు?

ఫ్లూ ఎక్కడ, ఎంత ఉందో కనిపెట్టడానికి మన దేశంలో ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి ఊరూరా జ్వరాల లెక్క. ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరు, ల్యాబ్, ఎవరి వివరాలు వాళ్లు పంపుతారు. 2004లో మొదలైన ఐడీఎస్‌పీ (కేంద్ర ప్రభుత్వ సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం) పద్ధతి ఇదే. 2021 నుంచి ఈ వివరాలను ఐహెచ్ఐపీ అనే ఆన్‌లైన్ ఆరోగ్య సమాచార పోర్టల్‌లో ఎక్కిస్తున్నారు. రెండోది సెంటినెల్ నిఘా: ఎంచుకున్న కొన్ని ఆసుపత్రుల్లోనే రోగుల నుంచి స్వాబ్ తీసి ఆర్‌టీపీసీఆర్ చేస్తారు.

మొదటి దాని బలం విస్తృతి. గాజువాక నుంచి పాడేరు దాకా ఏ మూల జ్వరాలు ఒక్కసారిగా ఎక్కువైనా తెలియాలంటే ఇదే దారి. కానీ దగ్గూ జ్వరమూ ఉన్నంత మాత్రాన అది ఫ్లూ అయిపోదు. కోవిడ్, ఆర్‌ఎస్‌వీ (శ్వాసకోశానికి సోకే మరో వైరస్) కూడా అలాగే వస్తాయి. పైగా మన వైపు జ్వరం వస్తే చాలామంది ముందు వెళ్లేది మెడికల్ షాపుకో, ఆర్‌ఎంపీ దగ్గరికో. వాళ్లు ఈ లెక్కలోకి రారు. ఒక వారం కేసులు తగ్గాయంటే జబ్బు తగ్గిందా, రిపోర్టులు రాలేదా? అంకె ఒక్కటే చూస్తే చెప్పలేం. నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించేది ఇదే.

సెంటినెల్‌లో ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, దగ్గు, మొదలై 10 రోజులు దాటకూడదు: ఫ్లూ లాంటి జబ్బుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన నిర్వచనం ఇది. ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే తీవ్రమైన కేసు. వంద శాంపిళ్లలో ఎన్ని పాజిటివ్ అన్న శాతం వస్తుంది కాబట్టి ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చవచ్చు. వైరస్ రకమూ తెలుస్తుంది. 2023 మార్చిలో దేశమంతా దగ్గుతుంటే అది ఎక్కువగా హెచ్3ఎన్2 రకం ఫ్లూ వైరస్ అని చెప్పగలిగింది ల్యాబ్ పరీక్షల వల్లే. ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో టీకాలో ఏ రకాలు ఉండాలో నిర్ణయించేదీ ఇలాంటి సమాచారంతోనే.

లోపాలు దీనికీ ఉన్నాయి. వయసు మళ్లినవారికి ఫ్లూ వచ్చినా ఒక్కోసారి జ్వరం ఉండదు, వాళ్లు ఆ నిర్వచనంలోకి రారు. విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరం నుంచి కూడా రోగులు వస్తారు. అక్కడి శాతం విశాఖదే అనుకోలేం. ఇక అరకు లోయ, పాడేరు మన్యం ఆ అంకెల్లో దాదాపు కనిపించదు. స్వాబ్‌ను చల్లగా ఉంచి ఘాట్ రోడ్డు దింపి ల్యాబ్‌కు చేర్చడం చిన్న పని కాదు మరి.

నిఘా వ్యవస్థను తూచడానికి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2001లో ఇచ్చిన కొలతల్లో సరళత, డేటా నాణ్యత, ప్రాతినిధ్యం, సకాలంలో అందడం లాంటివి ఉన్నాయి. ఫ్లూ విషయంలో నేను చివరిదానికే ఎక్కువ బరువు ఇస్తాను. మన దేశంలో ఫ్లూ వానల కాలంలో ఒకసారి, చలికాలం చివర్లో ఇంకోసారి ఉధృతమవుతుంది. నెల తర్వాత వచ్చిన ఫలితం ఆ సీజన్ రోగికి పనికిరాదు.

అందుకే డబ్బు ఒకదానికే పెట్టాల్సి వస్తే నా ఓటు సెంటినెల్‌కే, అందులో ఒక కేంద్రం మన్యంలో ఉండాలన్న షరతుతో. జ్వరాల లెక్కను పూర్తిగా వదలకూడదు, హఠాత్తుగా వచ్చే విజృంభణను పట్టడానికి అది కావాలి. ఫ్లూ మందు ఓసెల్టామివిర్ లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. కాబట్టి ఈ వారం పాజిటివ్ శాతం ఎంతో ఢిల్లీకి పంపిన రోజే, ఇక్కడ ఓపీలో గర్భిణిని చూస్తున్న డాక్టరుకూ తెలియాలి.