ఉప్పు బోరు నీటిలో కొబ్బరి సబ్బు: ఏళ్ల తరబడి వాడాక

ఇంట్లో సబ్బు చేసుకునేవారు రంగుల గురించి, సువాసనల గురించి, అచ్చుల అందం గురించి చాలా రాస్తారు. నేను రాయదలచింది నురగ గురించి మాత్రమే. అదీ ఉప్పు బోరు నీటిలో వచ్చే నురగ గురించి. శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కవిటి వైపు తీరానికి దగ్గరగా కాపురం ఉన్నవారికి ఈ మాట విలువ వెంటనే తెలుస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ బోరు నీరు ఇంకా ఉప్పెక్కుతుంది. ఆ నీటితో స్నానం చేస్తే సబ్బు అరుగుతుందే గాని ఒళ్ళు తేలికపడదు. జిడ్డుపొర ఒకటి చర్మాన్ని పట్టుకునే ఉంటుంది.

తూకం ఎలా వేయాలి, చేతి తొడుగులు, కళ్ళద్దాలు ఎందుకు పెట్టుకోవాలి వంటివి ఈ పనిలో దిగినవారందరికీ తెలిసినవే. మన వంటిళ్ళను దృష్టిలో పెట్టుకుని ఒక్క మాట మాత్రం చెబుతాను. నూనెను సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా కలపడానికి అల్యూమినియం గిన్నె ముట్టుకోకండి. సోడా ఆ లోహాన్ని తినేస్తుంది, హైడ్రోజన్ వాయువు పుడుతుంది. స్టీలు గిన్నె ఒకటి ఈ పనికే కేటాయించండి, దాన్ని మళ్ళీ వంటకు వాడకండి.

నేను చేసేది పూర్తిగా కొబ్బరి నూనె సబ్బు. మా తోటలో కాయలు ఎండబెట్టి, గానుగలో ఆడించి తెచ్చుకున్న నూనె. మొదట్లో అందరిలాగే నాలుగు రకాల నూనెలు కలిపి చేసేదాన్ని. కొబ్బరి ఒక్కటే వేస్తే చర్మం పొడిబారుతుందని ఎక్కడ చదివినా ఉండేది కాబట్టి చాలాకాలం ఆ జోలికి పోలేదు. ఒక ఏడాది నువ్వుల నూనె అందుబాటులో లేక, ఉన్న కొబ్బరి నూనెతోనే ఒక అచ్చు పోశాను. ఆరిన తర్వాత అందులో కొన్ని ముక్కలు బారువలో ఉండే మా పిన్నికి ఇచ్చాను.

బారువ అంటే మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు. పిన్ని వాళ్ళ బోరు ఇసుకనేలలో ఉంది, ఆ నీళ్ళు నోట్లో పోసుకోలేం. చేపలు కడిగిన చేతులకు ఆ సబ్బు రాసుకుని, నన్ను పెరట్లోకి కేకేసి పిలిచింది. "బట్టల సబ్బుకే రాని నురగ ఈ నీళ్ళలో దీనికెలా వచ్చిందే?" అని రెండు చేతులూ చాపి చూపించింది. మణికట్టు దాకా తెల్లటి నురగ! నాకు నమ్మకం కుదరక నేనూ రుద్దుకుని చూశాను. నీచువాసన కూడా ఒక్క కడుగుతో పోయింది.

అంతటితో ఊరుకోబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున బాబాయి ఒడ్డు నుంచి ఒక బకెట్టుడు సముద్రపు నీళ్ళు తెచ్చారు. ఒక చెంబులో కొట్టులో కొన్న సబ్బు, మరో చెంబులో నాది కలిపి గిలకొట్టాం. కొన్న సబ్బు విరిగిన పాలలా తరకలు కట్టి చెంబు అంచులకు అంటుకుంది, నురగ జాడే లేదు. నా దానికి వచ్చింది. మంచినీటిలో వచ్చినంత దట్టంగా కాదు, పెద్ద పెద్ద బుడగలు, తొందరగానే చల్లారిపోయాయి. కానీ ఉత్త సముద్రపు నీటిలో సబ్బు నురగ కట్టడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

కారణం తర్వాత తెలుసుకున్నాను. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం. అందులో 12 కార్బన్ల గొలుసు. పామాయిల్, నువ్వులు వంటి నూనెల్లో ఎక్కువగా ఉండేవి 16, 18 కార్బన్ల పొడవు గొలుసులు. గొలుసు పొడవు పెరిగేకొద్దీ ఆ సబ్బు ఉప్పునీటిలో కరగదు. సబ్బు కర్మాగారాల్లో, సబ్బుతో పాటే తయారయ్యే గ్లిజరిన్ నుంచి సబ్బును విడదీయడానికి ఉప్పునీరే వాడతారు, సబ్బు కరగలేక పైకి తేలుతుంది. పొట్టి గొలుసున్న కొబ్బరి సబ్బు అంత తేలిగ్గా ఉప్పుకు లొంగదు. ఓడల్లో నావికులు సముద్రపు నీటి స్నానానికి కొబ్బరి నూనె సబ్బు వాడింది అందుకే.

ఇక వాడుతూ పోగా తెలిసినవి. నురగ వచ్చినంత మాత్రాన నీటిలో ఉండి సబ్బును మడ్డిగా మార్చే కాల్షియం ఎక్కడికీ పోదు. స్నానాలగది గోడ మీద, బకెట్టు అంచున తెల్లటి మడ్డి ఈ సబ్బుతోనూ పేరుకుంటుంది. తక్కువగా పేరుకుంటుందని ఒకప్పుడు అందరికీ చెప్పాను, ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. తలకు అసలు వాడొద్దు, జుట్టు బంకబంకగా అవుతుంది. కుంకుడుకాయ నురగను ఇలా కాల్షియం ఉన్న కఠిన జలం ఏమీ చేయదు కాబట్టి తలకు మా ఇంట్లో ఇప్పటికీ కుంకుడు రసమే.

పొడిబారడం గురించి చదివింది కూడా అబద్ధం కాదు. కిలో కొబ్బరి నూనె మొత్తం సబ్బుగా మారడానికి సుమారు 183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. మామూలుగా 5 శాతం నూనె సబ్బుగా మారకుండా మిగిలేలా లెక్క కడతారు. ఆ లెక్కన చేసిన సబ్బు చలికాలంలో మా అత్తయ్యగారి కాళ్ళను తెల్లగా పగలగొట్టింది. ఇప్పుడు 20 శాతం నూనె మిగిలేలా 146 గ్రాములే వేస్తున్నాను. చర్మానికి హాయిగా ఉంది, నురగ మాత్రం కొంత తగ్గింది. పిన్నికి పాతదే ఇష్టం. ఆమెకు విడిగా, మధ్యస్థంగా ఒక లెక్కతో చేస్తాను.

కోసే వేళ కూడా చూసుకోవాలి. కొబ్బరి సబ్బు కొన్ని గంటల్లోనే గట్టిపడుతుంది. పొద్దున పోస్తే సాయంత్రంలోగా ముక్కలు కోసేయాలి, మర్నాటికి ఆగితే కత్తి దిగగానే పెళుసుగా విరిగిపోతుంది. మా వైపు వానాకాలం మరో ఇబ్బంది. ఇంట్లో చేసిన సబ్బులో గ్లిజరిన్ అంతా అలాగే ఉంటుంది, అది గాలిలోని తేమను లాగుతుంది. ఆషాఢ శ్రావణాల్లో సముద్రపు గాలికి సబ్బు ముక్కలన్నిటికీ చెమట పడుతుంది, స్నానాలగదిలో పెట్టినది రెండు పూటల్లో మెత్తబడుతుంది. అందుకే సంక్రాంతి వెళ్ళాక పోసి, ఉగాదికి ఆరేలా చూసుకుని, ఏడాదికి సరిపడా డబ్బాల్లో మూసి పెడతాను.

ఇంత ఇష్టంగా చెబుతున్నా, అందరినీ చేసుకోమనలేను. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా తోటలో సగానికి పైగా చెట్లు పోయాయి. మిగిలిన చెట్ల కాయ ఇంటికి, సబ్బుకు సరిపోతోంది కాబట్టి నాకు ఖర్చు తెలియడం లేదు. 2025లో పెరిగిన ధరకు నూనె కొనాల్సి వస్తే నేనైనా వెనకాడేదాన్ని. పైగా 2023 డిసెంబరులో మా ఉద్దానం ప్రాంతానికి హిరమండలం నుంచి వంశధార నీటిని తెచ్చే పథకం మొదలైంది. ఆ కుళాయి నీరు మా ఇంటికి వస్తోంది, అందులో కొట్టు సబ్బుకూ నురగ బాగానే వస్తుంది. కుళాయి నీరు ఉన్నవారికి కొబ్బరి, నువ్వుల నూనెలు కలిపిన సబ్బే మేలనిపిస్తుంది. ఇంకా బోరు మీదే ఆధారపడి, ఇంటి కొబ్బరి ఉన్నవారు మాత్రం ఒక చిన్న అచ్చు పోసి, 20 శాతం లెక్కతో మొదలుపెట్టి, నెలన్నర ఆరనిచ్చి చూడండి.