హేలో ఇన్ఫినిట్: రెండో కంట్రోలర్‌కు చోటు లేని ఆట

హేలో ఇన్ఫినిట్ అనే ఈ తుపాకీ పోరాట వీడియో గేమ్ గురించి ఎవరు అడిగినా నేను ముందు ఒక్కటే అడుగుతాను. మీరు ఒక్కరే ఆడతారా, ఇంట్లో ఇంకొకరితో కలిసి ఆడతారా? ఒక్కరే అయితే సందేహం లేకుండా తీసుకోండి. ఇరవై ఏళ్ల హేలో చరిత్రలో తుపాకీ పేల్చడం ఇంత హాయిగా ఉన్న ఆట ఇంకొకటి లేదని నా అభిప్రాయం. ఒకే టీవీ ముందు ఇద్దరు కూర్చుని కథ మొత్తం పూర్తి చేయాలన్నది మీ కోరిక అయితే మాత్రం హేలో ఇన్ఫినిట్ మీకోసం కాదు. విడుదల రోజున ఆ సౌకర్యం లేదు. తయారీదారులు తర్వాత ఇస్తామన్నారు, ఆ తర్వాత ఇవ్వలేమన్నారు. నాలుగేళ్లు ఆడాక కూడా ఈ ఆట గురించి నా మనసులో మొదట మెదిలేది ఆ లోటే. అందుకే సమీక్షను అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

కొత్తగా వచ్చినవారికి ఇంత బాధ ఎందుకో అర్థం కాకపోవచ్చు. 2001 నవంబరులో వచ్చిన మొదటి హేలోలోనే తెరను రెండుగా చీల్చే స్ప్లిట్ స్క్రీన్ పద్ధతిలో ఇద్దరు కలిసి కథను మొదటి నుంచి చివరి వరకు ఆడే వీలుంది. ఆ తర్వాత వచ్చిన ప్రధాన భాగాలు దాన్ని అలాగే కొనసాగించాయి. 2007లో హేలో 3 ఇంకో అడుగు ముందుకేసి ఆన్‌లైన్‌లో నలుగురు కలిసి కథ ఆడే ఏర్పాటు చేసింది. చాలామందికి హేలో పరిచయమైందే అన్నో, అక్కో, స్నేహితుడో రెండో కంట్రోలర్ చేతికివ్వడం వల్ల. 2015లో హేలో 5 ఈ సంప్రదాయాన్ని తెంచేసింది. ఆట సెకనుకు 60 ఫ్రేముల వేగంతో నడవాలంటే స్ప్లిట్ స్క్రీన్ సాధ్యం కాదన్నారు. అభిమానుల కోపం ఎంత గట్టిగా తాకిందంటే, 2017లో తయారీ సంస్థ అధిపతి ఒక సదస్సు వేదికపై నుంచే, ఇకపై వచ్చే ప్రతి ఫస్ట్ పర్సన్ (పాత్ర కళ్లతోనే చూస్తూ ఆడే) హేలోలో స్ప్లిట్ స్క్రీన్ ఉంటుందని మాటిచ్చారు.

ఆ మాటను నమ్మినవాళ్లలో నేనూ, మా తమ్ముడూ ఉన్నాం. హేలో 5కు ముందటి భాగాలన్నీ ఇద్దరం కలిసే పూర్తి చేశాం. వాడికి చదవడం సరిగా రాని వయసులో తెర మీది ఆదేశాలు నేను చదివి వినిపించేదాన్ని. కష్టమైన చోట వాడు ఒక బండ వెనక దాక్కునేవాడు, నేను ముందుకెళ్లి చనిపోయేదాన్ని. వాడు బతికి ఉంటే చాలు, మళ్లీ వాడి పక్కనే పుట్టేదాన్ని. తర్వాత తర్వాత ఆ పాత్రలు తారుమారయ్యాయి. హేలో ఇన్ఫినిట్ ప్రకటన వచ్చిన రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఒప్పందం ఒక్కటే: కథను ఎవరూ ఒంటరిగా మొదలుపెట్టకూడదు.

2020 జులైలో ఆట ఆడే తీరును మొదటిసారి చూపించారు. దృశ్యాలు పేలవంగా ఉన్నాయని విమర్శలు వెల్లువెత్తాయి. ఆ ఏడాది చివర్లో రావాల్సిన ఆటను మరుసటి ఏడాదికి వాయిదా వేశారు. ఆలస్యమైనా బాగా చేయడమే మంచిదని అప్పుడు సంతోషించాం. 2021 ఆగస్టులో అసలు దెబ్బ తగిలింది. కథను కలిసి ఆడే కో-ఆప్, సొంతంగా మ్యాపులు తయారు చేసుకునే ఫోర్జ్, ఈ రెండూ విడుదల నాటికి సిద్ధం కావని ప్రకటించారు. డిసెంబరు 8న కథ విడుదలైంది. మేం కొన్నాళ్లు ఆగాం. ఎంత కాలం ఆగాలో ఎవరూ కచ్చితంగా చెప్పలేదు. కథలోని మలుపులు ఎక్కడ చూసినా బయటపడుతున్నాయి. చివరికి వంతులవారీగా ఆడదామని మొదలుపెట్టాం.

ఆట అద్భుతంగా ఉండటమే ఇక్కడ మరీ బాధించే విషయం. జీటా హేలో అనే ఆ భారీ వలయం మీద కొండలు, అడవులు, శత్రువుల స్థావరాలు తెరచి పెట్టినట్టు ఉంటాయి. ఏ వైపు నుంచి దాడి చేయాలో మన ఇష్టం. చేతికున్న గ్రాపుల్‌షాట్‌తో కొండ అంచుకు కొక్కెం విసిరి పైకి ఎగరవచ్చు, దూరంగా పడి ఉన్న తుపాకీని చేతిలోకి లాక్కోవచ్చు, పేలుడు పీపాను పట్టుకుని గుంపు మీదికి విసరవచ్చు, శత్రువు నడుపుతున్న వాహనానికి తగిలించి దాన్నే కైవసం చేసుకోవచ్చు. ఈ ఒక్క పరికరం కోసమే ఆట మొత్తం ఇంకోసారి ఆడినా విసుగు పుట్టదు. ఒక్కడికే ఇంత స్వేచ్ఛ ఇచ్చిన మైదానంలో ఇద్దరు ఉంటే ఎలా ఉంటుందన్న ఆలోచన ప్రతి కొండ దగ్గరా వస్తుంది. ఒకరు ఎత్తు నుంచి స్నైపర్‌తో కాపు కాస్తే ఇంకొకరు గోడ దూకి లోపలికి వెళ్లవచ్చు. ఆ స్థావరాలు అందుకోసమే కట్టినట్టు ఉంటాయి.

వాహనాల సంగతి చెప్పనే అక్కర్లేదు. వార్ట్‌హాగ్‌లో నడిపేవారికి ఒక సీటు, పక్కన ఒక సీటు, వెనక మరతుపాకీ దగ్గర ఒక చోటు. మొదటి హేలో నుంచీ ఆ బండి రూపమే ఒకరు నడపాలి, ఇంకొకరు కాల్చాలి అని చెబుతూనే ఉంది. ఒంటరి ఆటలో ఆ చోట్లను మనం విడిపించిన సైనికులతో నింపాలి. రేజర్‌బ్యాక్ అనే పెద్ద బండి నిండా సైనికులను ఎక్కించి, ఒక్కొక్కరి చేతికి మంచి ఆయుధాలిచ్చి తిప్పడం సరదాగానే ఉంటుంది. కానీ మలుపు దగ్గర బండి బోల్తా పడితే వాళ్లు తిట్టరు, నవ్వరు.

టవర్ అనే మిషన్ చివరి పోరు దగ్గర మా వంతుల పద్ధతి చేతులెత్తేసింది. మసక వెలుతురు గదిలో ఎలైట్ అనే గ్రహాంతర జాతి యోధుడొకడు కంటికి కనిపించకుండా తిరుగుతూ, శక్తి ఖడ్గంతో ఒక్కసారిగా మీద పడతాడు. త్రెట్ సెన్సార్ విసిరితే కొన్ని క్షణాల పాటు అతని ఆకారం ఎర్రగా బయటపడుతుంది. ఆ క్షణాల్లోనే కాల్చాలి. ఎక్కువ కష్టం స్థాయిలో ఇది చిన్న పని కాదు. సెన్సార్ విసరాలి, వెనక్కి తగ్గాలి, గురి పెట్టాలి, అన్నీ ఒక్కరే చేయాలి. తమ్ముడు పక్కన కూర్చుని “అక్కా, ఎడమ పక్క! స్తంభం వెనక ఉన్నాడు!” అని అరుస్తున్నాడు. వాడికి కనిపిస్తోంది, చెబుతున్నాడు, చేయడానికి మాత్రం ఏమీ లేదు. ఒకరు సెన్సార్ విసిరితే ఇంకొకరు కాల్చే పోరు అది. నేను చనిపోయినప్పుడల్లా కంట్రోలర్ వాడికిచ్చేదాన్ని, వాడు చనిపోతే నాకిచ్చేవాడు. ఆ పోరు గెలిచాక వాడు “ఇది కలిసి ఆడటం కాదక్కా, మిగతాది నువ్వే ఆడేసుకో” అన్నాడు. అలిగి అన్న మాట కాదది. వాడి మాటలో న్యాయం ఉంది. మిగతా కథను నేను ఒంటరిగానే పూర్తి చేశాను.

హేలో కథానాయకుడు మాస్టర్ చీఫ్ ఒంటరివాడు, కథే ఒంటరితనం గురించి, కాబట్టి ఒక్కరే ఆడటం సబబని వాదించినవాళ్లు ఉన్నారు. ఆ వాదనను నేను ఏమాత్రం ఒప్పుకోను. మొదటి రెండు భాగాల్లోనూ కథ ప్రకారం చీఫ్ ఒక్కడే. అయినా ఇద్దరు ఆడితే తెర మీద ఇద్దరు చీఫ్‌లు ఉండేవారు. అదెలా అని ఎవరూ అడగలేదు, ఎవరికీ వివరణ అవసరం కాలేదు.

2022 సెప్టెంబరు మొదట్లో తుది ప్రకటన వచ్చింది. ఆటను నిరంతరం నడిపే పనులకూ, ఆటగాళ్ల ఇతర ఫిర్యాదుల పరిష్కారానికీ సిబ్బందిని మళ్లిస్తున్నామని, ఒకే తెరపై కథ ఆడే స్ప్లిట్ స్క్రీన్ పనిని ఆపేస్తున్నామని చెప్పారు. ఇందులో సాంకేతిక కష్టం ఉందని నాకూ తెలుసు. తెరను చీలిస్తే యంత్రం ఒకే సమయంలో రెండు దృశ్యాలను గీయాలి. ఇద్దరు చెరో దిక్కుకు వెళ్తే విశాలమైన మైదానంలో రెండు ప్రాంతాలను ఒకేసారి జ్ఞాపకంలో ఉంచుకోవాలి. పైగా ఈ ఆట 2013 నాటి పాత ఎక్స్‌బాక్స్ వన్ మీద కూడా నడవాలి. అయితే అదే ఏడాది కొందరు ఆటగాళ్లు మెనూల్లో ఒక కిటుకు కనిపెట్టి, అమ్ముడైన ఆటలోనే కథను స్ప్లిట్ స్క్రీన్‌లో నడిపించి చూపించారు. ఆ వీడియోలు చూసినప్పుడు నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు. లోపాలున్నా సరే, సగం పని అప్పటికే లోపల ఉందని కళ్లకు కట్టింది. కనీసం కొత్త కన్సోళ్లకైనా, పరిమితులతోనైనా దాన్ని ఇచ్చి ఉండాల్సింది.

ఇచ్చిన మాటను అక్షరాలా పట్టుకుంటే తప్పలేదని కూడా అనవచ్చు. ఎందుకంటే పోటీ మ్యాచ్‌ల మల్టీప్లేయర్‌లో, కన్సోళ్ల మీద, స్ప్లిట్ స్క్రీన్ ఉంది. మేమిద్దరం అందులో ఆడతాం కూడా. కానీ 2017లో ఆ మాట విని చప్పట్లు కొట్టిన అభిమానుల మనసులో ఉన్నది పోటీ మ్యాచ్‌లు మాత్రమే కాదు. అది చెప్పినవారికీ తెలుసు, విన్నవారికీ తెలుసు.

ఆన్‌లైన్ కో-ఆప్ 2022 నవంబరు 8న, అంటే కథ విడుదలైన పదకొండు నెలలకు వచ్చింది. నలుగురి దాకా కలిసి ఆడవచ్చు. దీని గురించి మంచి మాటలు చెప్పాలి, ఎందుకంటే బాగా చేశారు. ఆటలో ఒకరు ముందు, ఒకరు వెనక ఉంటే, అందరూ పూర్తి చేసిన మిషన్లే పూర్తయినట్టు లెక్కలోకి వస్తాయి. వెనకబడినవారు కథలో ఏమీ కోల్పోరు, కలిసి సాధించినది ఎవరి ఖాతాలో వారికి జమవుతుంది. మరీ దూరంగా వెళ్తే హెచ్చరిక వస్తుంది, అయినా వినకపోతే చనిపోయి జట్టు దగ్గర మళ్లీ లేస్తాం. మొదట్లో చిరాకనిపించినా, జట్టును కలిపి ఉంచడానికి అది పనికొస్తుంది. పూర్తయిన మిషన్లను మళ్లీ ఆడుకునే వీలు కూడా ఇదే అప్‌డేట్‌తో వచ్చింది. అప్పటిదాకా కథా మిషన్ల లోపల ఏదైనా వస్తువు వదిలేస్తే మళ్లీ మొదటి నుంచి ఆడటం తప్ప దారి లేదు. ఇంత పెద్ద ఆటలో అంత చిన్న సౌకర్యం విడుదల నాటికి ఎందుకు లేకపోయిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

తమ్ముడు వేరే చోట ఉంటున్నప్పుడు ఇద్దరం ఈ ఆన్‌లైన్ పద్ధతిలోనే కథను మళ్లీ మొదలుపెట్టాం. టవర్‌లో ఆ అదృశ్య యోధుడి దగ్గర వాడు సెన్సార్ విసిరాడు, నేను కాల్చాను. ఎంత సులువుగా అయిపోయిందో! కలిసి ఆడితే ఈ ఆట ఎంత బాగుంటుందో ఆ రోజు పూర్తిగా తెలిసింది. కాకపోతే దీనికి రెండు యంత్రాలు, రెండు టీవీలు కావాలి. ఇద్దరి దగ్గరా కథ విడివిడిగా ఉండాలి. పైగా కన్సోల్ మీద ఆన్‌లైన్‌లో కథ కలిసి ఆడాలంటే ఇద్దరూ చందా కట్టాలి. వాడు ఇంటికి వస్తే మాత్రం, పక్క పక్కన కూర్చుని కలిసి ఆడలేం. దూరంగా ఉంటే కలిసి ఆడనిచ్చి, దగ్గరుంటే వద్దనే ఏర్పాటు ఇది. ఇద్దరు పిల్లలు, ఒకే కన్సోల్ ఉన్న ఇళ్లకు ఆన్‌లైన్ కో-ఆప్ ఉన్నా లేనట్టే.

పోటీ మల్టీప్లేయర్ గురించి క్లుప్తంగా చెబుతాను. 2021 నవంబరు 15న, కథ కంటే ముందే, ఉచితంగా వచ్చింది. మొదటి వారాల్లో ఎక్కువ మందిని చంపిన జట్టు గెలిచే స్లేయర్ లాంటి మూల ఆటకు కూడా, దాన్నే ఎంచుకుని ఆడేందుకు విడి ప్లేలిస్ట్ లేదు. మ్యాచ్‌లో ఎంత బాగా ఆడినా స్థాయి పెరిగేది కాదు, ఛాలెంజ్‌లు పూర్తి చేస్తేనే ముందుకు కదిలేవాళ్లం. దాంతో జట్టు గెలుపు వదిలేసి ఎవరి ఛాలెంజ్ వారు చూసుకునేవారు. ప్లేలిస్ట్‌ల లోటును డిసెంబరులోనే తీర్చారు. మిగతావాటికి మాత్రం చాలా కాలం పట్టింది. మొదటి సీజన్ దాదాపు ఆరు నెలలు సాగింది, కొత్త మ్యాపులు లేక మిత్రులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఫోర్జ్ బీటాగా (ప్రయోగ దశలో) 2022 నవంబరులో, ఆటతీరును బట్టి పెరిగే కెరీర్ ర్యాంకు 2023 జూన్‌లో, శత్రు మూకలను కలిసి ఎదుర్కొనే ఫైర్‌ఫైట్ 2023 డిసెంబరులో వచ్చాయి. ఇవాళ మల్టీప్లేయర్ తెరిస్తే నిండుగా ఉంటుంది. ఫోర్జ్‌లో ఆటగాళ్లు కట్టిన మ్యాపులు కొన్ని అసలువాటిని మించిపోయాయి. మొదటి రోజే ఇలా వచ్చి ఉంటే ఆ వెళ్లిపోయినవాళ్లలో సగం మందైనా ఉండేవారని నా నమ్మకం. 2025 నవంబరు అప్‌డేట్‌తో పెద్ద చేర్పులు ఆగిపోయాయి కాబట్టి, ఇక దీన్ని పూర్తయిన ఆటగానే తూచవచ్చు.

ఆ లెక్కన నా తూకం ఇది. ఒంటరి ఆటగాళ్లకు కథ తప్పక కొనదగినది. దూరంగా ఉన్న మిత్రులకు, చెరో యంత్రం ఉంటే, అంతకంటే బాగుంటుంది. మల్టీప్లేయర్ ఉచితం, ఒకసారి చూడండి. ఒకే గదిలో ఇద్దరు ఆడాలనుకునేవారు హేలో 5కు ముందు వచ్చిన ప్రధాన భాగాలను కలిపిన మాస్టర్ చీఫ్ కలెక్షన్‌ను కన్సోల్ మీద తీసుకోండి, అందులో కథ స్ప్లిట్ స్క్రీన్‌లో చక్కగా నడుస్తుంది. 2001 నాటి మొదటి కథను కొత్తగా మలిచి హేలో: క్యాంపెయిన్ ఇవాల్వ్డ్ పేరుతో 2026లో తెస్తామని, కన్సోళ్ల మీద ఇద్దరు ఒకే తెరపై ఆడవచ్చని 2025 అక్టోబరులో ప్రకటించారు. తమ్ముడు ఆ వార్త పంపి “ముందే కొనేద్దామా అక్కా?” అని అడిగాడు. వద్దన్నాను. అమ్మకానికి వచ్చిన ఆటలో రెండో కంట్రోలర్ నిజంగా పని చేస్తోందని తేలాకే డబ్బు కడదామని చెప్పాను.