ముత్తాత డైరీ: చాలా ఏళ్ళు వాడాక

ముత్తాత డైరీలు నా దగ్గరికి వచ్చి చాలా కాలమే అయింది. అప్పటినుంచి వాటిని రెండు పనులకు వాడుతున్నాను, ఒకటి రాతకు, రెండోది రోజువారీ బతుక్కి. రాత విషయంలో నేను ఆశించిన చోట పనికిరాలేదు, ఆశించని చోట బాగా పనికొచ్చాయి. బతుకు సంగతి కొంచెం తిరకాసు.

పెద్దల డైరీ అనగానే లోపల రహస్యాలు, హితబోధలు ఉంటాయనుకునేవాళ్ళు నాలుగు పేజీలకే నీరసపడతారు. వాన పడింది. ఫలానావాళ్ళు వచ్చి వెళ్ళారు. ఉత్తరం అందింది. మోకాలి నొప్పి తగ్గలేదు. ఫలానావారికి చేబదులు ఇచ్చాను. మా ముత్తాత రాతలో ముప్పావు వంతు ఇదే.

ఈ పొడి ముక్కల్లోనే సరుకుందని నాకు నమ్మకం కుదిర్చింది మార్తా బల్లార్డ్. అమెరికాలోని మెయిన్ ప్రాంతంలో మంత్రసాని ఆవిడ. 1785 నుంచి 1812 దాకా రోజూ రెండు మూడు వరుసలు రాసుకుంది: ఎవరికి కాన్పు చేసింది, వాతావరణం ఎలా ఉంది, తనకు రావలసినది ముట్టిందా లేదా. అందులో ఉన్నవన్నీ అల్ప విషయాలని చాలాకాలం పక్కన పెట్టేశారు. తర్వాత లారెల్ థాచర్ ఉల్రిచ్ అనే చరిత్రకారిణి ఆ అల్ప విషయాలనే ఓపిగ్గా పేర్చి, 816 కాన్పుల వెనక ఆ ఊరి ఆడవాళ్ళ పనులూ, ఇచ్చిపుచ్చుకోవడాలూ, తగాదాలూ బయటికి తీసింది. అలా ఆమె రాసిన పుస్తకానికి 1991లో పులిట్జర్ బహుమతి వచ్చింది. నేను నేర్చుకున్న కిటుకు ఇదే: ఒక రోజు రాతను పట్టుకుని వేలాడకుండా, ఒకే మనిషి, ఒకే గొడవ, ఒకే జబ్బు ఎన్ని పేజీల్లో ఎలా నడిచాయో వెతుక్కుంటూ పోవాలి.

అలా చూస్తే మా ముత్తాతకు పొరుగాయనతో ఉన్న ఒక గోడ తగాదా నాకు దొరికింది. నెలలకొద్దీ అదే గోల. ఆయన ఏమన్నాడు, తాను ఏమన్నాడు, ఏమని ఉండాల్సింది! ఉన్నట్టుండి ఒకరోజు "గోడ పని అయింది" అని ఉంది. ఆ తర్వాత ఆ గోడ ఊసే లేదు. కొన్నేళ్ళకు అదే పొరుగాయన కూతురి చదువుకు తాను చేబదులు ఇచ్చినట్టు ముత్తాత రాశాడు. అది తిరిగి ముట్టినట్టు మాత్రం ఎక్కడా లేదు, నేను వెతికాను.

ఎవరికైనా ఘాటుగా ఉత్తరం రాసినప్పుడు, పంపేముందు ఆ గోడ పేజీలు తిరగేస్తాను. కోపం తగ్గదుగానీ ఉత్తరం కురచవుతుంది.

ఇక ఆయన తనకు తాను చెప్పుకున్న బుద్ధులంటారా, వాటికి నేను పెద్ద మార్కులు వేయను. ఏటా మొదటి పేజీలో "ఈ ఏడు కోపం తగ్గించుకోవాలి" అని ఉంటుంది. ఏటా అదే వాక్యం. తగ్గలేదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? కానీ ఎవరిమీదనైనా అరిచినట్టు రాసిన రెండు మూడు రోజులకు "వెళ్ళి మాట్లాడి వచ్చాను" అన్న ముక్క దాదాపు తప్పకుండా కనిపిస్తుంది. దాన్నొక గొప్పగా ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. డైరీలోంచి పాఠం తీసుకోవాలంటే ఇలాంటి చోట తీసుకోవాలి, మొదటి పేజీలో కాదు. అన్నీ తీసుకోదగ్గవి కూడా కావు. ముత్తవ్వ పేరు ఒక్కచోటా లేదు. ఆవిడకు వచ్చిన జ్వరం ఉంది, ఆవిడ చేసిన చాకిరీ ఉంది, ఆవిడ అన్న మాట ఒక్కటీ లేదు. మా పెద్దవాళ్ళు దాన్ని ఆ కాలపు మర్యాద అంటారు. నాకు ఆ సర్దుబాటు సరిపోలేదు.

రాత సంగతికొస్తే, ఇందులోంచి సంఘటనలు ఎత్తుకొచ్చి కథల్లో పెట్టడానికి ఇది అంత మంచి వనరు కాదు. ఆయన వదిలేసిన ఖాళీలో మన కాలపు మనసును కూరుతాం, అతుకు అక్కడే కనిపిస్తుంది. పనికొచ్చేది ఆయన వాక్యం. కొడుకు పోయిన రోజు ఆయన రాసింది ఇంతే: "వాన. ఎవరికీ ఉత్తరం రాయలేదు." ఇది చదివాక నా చిత్తుప్రతుల్లో విశేషణాలు చాలా పోయాయి. ఇప్పుడు పని మొదలుపెట్టేముందు నిన్నటి రోజును ఐదు వరుసల్లో రాస్తాను: ఎవరు, ఏం చేశారు, ఏ వస్తువు. ఎలా అనిపించిందో రాయను. 1666లో లండన్ తగలబడుతుంటే డైరీకే పేరుపడ్డ శామ్యూల్ పీప్స్ అనే ఆయన తన వైన్‌తో పాటు జున్నును గోతిలో పాతిపెట్టాడు, ఆ ముక్క డైరీలో రాసుకున్నాడు. అంత పెద్ద మంటలో జనానికి ఇప్పటికీ గుర్తున్నది ఆ జున్నే.

ఇంకో లాభం ఉత్తరాల తేదీలు. మా ముత్తాత ఉత్తరం వేసిన రోజూ, జవాబు అందిన రోజూ రాసుకునేవాడు. మధ్యలో ఎన్నాళ్ళు ఎదురుచూశాడో దానివల్లే తెలిసింది. పాత కాలం కథ రాసేవాళ్ళకు ఈ సంగతి ఏ చరిత్ర పుస్తకంలోనూ ఇంత సూటిగా దొరకదు.

వాడకంలో ఇబ్బందులూ ఉన్నాయి. పాత సిరాల్లో ఇనుము కలిసిన రకం ఆమ్లగుణం వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ కాగితాన్నే తినేస్తుంది, తేమ తగిలితే మరీను. అందుకని ముందు ప్రతి పేజీకీ ఫ్లాష్ లేకుండా ఫోటో తీసి, రోజూ ఆ ఫోటోలే చదువుతాను. చిరుగులకు సెలోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. గుడ్డ గ్లౌజులు కూడా అక్కర్లేదు, వాటితో అంచులు తెలియక చిరుగుతాయి. కడిగి ఆరబెట్టుకున్న చేతులు చాలు. ఎత్తి రాసేటప్పుడు ఆయన తప్పుల్ని దిద్దకండి.

అచ్చు వేయాలనుకుంటే మాత్రం ఆగాలి. పుస్తకం మీ బీరువాలో ఉన్నంత మాత్రాన అందులోని రాత మీదైపోదు. కాపీరైటు మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం చూసినా రచయిత పోయాక కనీసం 50 ఏళ్ళు హక్కు ఉంటుంది, చాలా దేశాల్లో అంతకన్నా ఎక్కువే. ఆ హక్కు వారసులందరిదీ, అంటే మీతో మాటల్లేని బాబాయి పిల్లలది కూడా. పైగా అప్పు ఎగ్గొట్టినవాళ్ళ మనవలు ఉండే ఉంటారు. నేను వాడుకున్న చోటల్లా పేర్లు మార్చాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి కట్ట ఉంటే, పెళ్ళో చావో జరిగిన సంవత్సరంతో మొదలుపెట్టకండి. ఆ కథ ముందే విని ఉంటారు, విన్నదే కనిపిస్తుంది. ఏమీ జరగలేదని ఇంట్లో అందరూ అనుకునే ఏడాది తీసి, వరసగా చదవండి.