బేగంబజార్‌లో కొన్న గ్యాస్ శాండ్‌విచ్ టోస్టర్ – ఎనిమిది నెలలు వాడాక

ఇంతకుముందు మా ఇంట్లో కరెంటుది ఉండేది. ఏడాది తిరక్కుండానే లోపలి నాన్‌స్టిక్ పూత లేవడం మొదలైంది, చీజ్ అంటుకున్న చోట కాస్త గీకితే చాలు నల్లటి పొలుసులు బ్రెడ్‌కి పట్టేవి. పాప తినేదాంట్లో అవి చూశాక మళ్లీ ప్లగ్ పెట్టబుద్ధి కాలేదు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ప్లేట్లు విడిగా దొరకవు, కొత్తది కొనుక్కోండి అన్నారు.

అందుకే ఒక శనివారం మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్ దాకా వెళ్లి, అక్కణ్ణించి ఆటోలో బేగంబజార్ గిన్నెల దుకాణాలకి పోయాను. గ్యాస్ మీద కాల్చే అల్యూమినియంది, రెండు పలకలు, పొడుగు పిడులు, చివర బిగించే కొక్కెం. పలకల మీద గీతలున్నది తీసుకోబోతే దుకాణాయన "అది వద్దమ్మా, కడుగుడు కష్టమైతది, నున్నగున్నది తీస్కో" అన్నాడు. ఆయన మాట విన్నందుకు రోజూ సంతోషిస్తున్నా.

దీని గొప్పంతా అంచుల్లో ఉంది. కొక్కెం బిగించగానే బ్రెడ్ నాలుగు అంచులూ నొక్కుకుని అతుక్కుంటాయి, లోపలి ఆలుగడ్డ బయటికి రాదు, కొరికితే ముందు కరకర, తర్వాత వేడి వేడి కూర. మధ్యలో తెరిచి రంగు చూసుకోవచ్చు, సెగ మన చేతిలో ఉంటుంది, మధ్యాహ్నం కరెంటు పోయినా లంచ్ ఆగదు. ముందు ఖాళీగా ఒక నిమిషం వేడి చేసి, మంట తగ్గించి, ఒక్కో వైపు రెండు నిమిషాలు కాలిస్తే సరిపోతుంది. మిల్క్ బ్రెడ్‌లో తీపి ఉంటుంది కాబట్టి తొందరగా మాడుతుంది, దానికి ఇంకా తక్కువ మంట. బయట రాయడానికి బటర్ కంటే నెయ్యి మంచిది, నల్లబడదు.

చాలామందికి శాండ్‌విచ్ మెత్తగా, తడితడిగా అయిపోయేది టోస్టర్ వల్ల కాదు, చట్నీ వల్ల. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, నిమ్మరసంతో రుబ్బేటప్పుడు రెండు చెంచాల పుట్నాలు వేయండి, నీళ్లన్నీ అవే పీల్చుకుని చట్నీ గట్టిగా వస్తుంది, బ్రెడ్ నానదు. టమాటా ముక్కల్ని బ్రెడ్‌కి తగలనివ్వకుండా ఉడికించిన ఆలుగడ్డ చక్రాల మధ్య పెట్టాలి. దోసకాయకి ఉప్పు ముందే వేస్తే నీరు వదిలేస్తుంది, అందుకే ఉప్పు, చాట్ మసాలా మూత వేసే ముందు చల్లుతాను. పాప డబ్బాలో పెట్టాలంటే దించగానే పెట్టేయను, ఐదు నిమిషాలు జాలీ మీద ఆరనిస్తాను, లేకపోతే ఆవిరికే చెమ్మగిల్లుతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. పిడి బరువుకి చిన్న బర్నర్ మీద పక్కకి ఒరుగుతుంది, చేత్తో పట్టుకునే ఉండాలి. కొక్కెం బాగా కాలుతుంది, నాకు ఒకసారి వేలు చుర్రుమంది, గుడ్డతోనే తీయండి. రెండు నెలలకోసారి మడత దగ్గర స్క్రూ వదులవుతుంది, బిగించుకుంటే అయిపోతుంది. ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లు మాత్రం అసలు కొనొద్దు, అల్యూమినియం దాని మీద వేడెక్కదు. తిన్న వెంటనే కడిగేయాలి, టమాటా పులుపు రాత్రంతా ఉంటే పలక మీద మచ్చలు పడతాయి.

ఇంకో లోటు, ఒక్కసారికి ఒక్కటే. మేం ముగ్గురం, మొదటివాళ్లు తినేసరికి మూడోవాళ్లది ఇంకా మంట మీదే ఉండేది. అందుకే పోయిన వారం వెళ్లి అదే దుకాణంలో రెండోది తెచ్చుకున్నా, ఒకటి కాలుతుంటే ఇంకోటి సర్దుకుంటున్నా, ఇప్పుడు ముగ్గురం కలిసే కూర్చుంటున్నాం.