ఇంట్లో రొమ్ము క్యాన్సర్ ఉంటే... మామోగ్రామా, అల్ట్రాసౌండా, ఎమ్మారైయా?

అమ్మకి నలభై నిండకుండానే రొమ్ము క్యాన్సర్, పిన్నికి అండాశయ క్యాన్సర్. ఇలాంటి ఇంటి ఆడపిల్ల ఏ పరీక్ష చేయించుకోవాలి? హైదరాబాద్‌లో సందుకో స్కాన్ సెంటర్ ఉంది. చాలామంది వెళ్లి మామోగ్రామ్ తీయించుకుని, నార్మల్ అని రాగానే ఊపిరి పీల్చుకుంటారు. వీళ్ల విషయంలో అది చాలదు.

మామోగ్రామ్ చవక, త్వరగా అయిపోతుంది. రొమ్మును రెండు పలకల మధ్య నొక్కి ఎక్స్‌రే తీస్తారు. నొప్పి ఆ కాసేపే. తొలిదశలో సున్నపు నలుసుల్లా పేరుకునే మార్పుల్ని బాగా పట్టిస్తుంది. చిక్కంతా చిన్న వయసువాళ్లతోనే. వాళ్ల రొమ్ము కణజాలం దట్టంగా ఉండి ఫిల్మ్ మీద తెల్లగా పడుతుంది, గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లో లోపం (వంశంలో వచ్చేది, రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచేది) ఉన్నవాళ్లలో మామోగ్రామ్ ఒక్కటే తీస్తే సగానికి పైగా క్యాన్సర్లు దొరకలేదని కొన్ని అధ్యయనాల్లో తేలింది.

ఎమ్మారై అక్కడే గెలుస్తుంది. బోర్లా పడుకోవాలి, గడ్డలు తేటగా కనపడేలా చేసే కాంట్రాస్ట్ మందు చేతి నరానికి ఎక్కిస్తారు, అరగంటో ఇంకాస్తో ఆ టకటక చప్పుడులో కదలకుండా ఉండాలి. రేడియేషన్ ఉండదు. ఖర్చు మాత్రం మామోగ్రామ్‌కి కొన్ని రెట్లు. పైగా ఏమీ కానిదాన్ని కూడా అనుమానంగా చూపించి బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) దాకా లాగుతుంది. ఆ కంగారు చిన్నదేం కాదు. అయినా జన్యులోపం ఖాయమైతే నా ఓటు దీనికే: 25 నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి దానికి తోడు మామోగ్రామ్. రెండింటినీ ఆరు నెలల ఎడంతో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. గర్భంతో ఉంటే కాంట్రాస్ట్ ఎమ్మారై వద్దు.

అల్ట్రాసౌండ్ వీటికి బదులు కాదు, పక్కవాద్యం. ఎమ్మారై కుదరనివాళ్లకి మామోగ్రామ్‌తో కలిపి పనికొస్తుంది.

అపార్ట్‌మెంట్ క్యాంపుల్లో థర్మల్ కెమెరాతో తీసే ఫొటోల్ని, హెల్త్ ప్యాకేజీల్లో కలిపే సీఏ 15-3 రక్తపరీక్షని నమ్ముకోకండి. తొలిదశను పట్టడానికి అవి ఆసరా కావు.

అసలు ముందు తేలాల్సింది జన్యువు సంగతి. బీఆర్‌సీఏ1లో లోపం ఉంటే 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 70 శాతం. వీలైతే జబ్బు వచ్చిన మనిషికే మొదట పరీక్ష చేయించాలి. ఆమెలో ఫలానా లోపం దొరికితే మిగతావాళ్లలో దాన్ని వెతకడం తేలిక. ఆ లోపం కూతురిలో లేదని తేలితే ఏటేటా ఈ ఎమ్మారై తిరుగుడు అక్కర్లేకపోవచ్చు. నాన్న వైపు నుంచీ ఇది రావచ్చు కాబట్టి మేనత్తల సంగతీ చెప్పాలి. పంజాగుట్ట నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది, అక్కడ అడగొచ్చు.

ఎమ్మారైకి డేట్ తీసుకునేముందు సెంటర్‌వాళ్లని రెండు మాటలు అడగండి: రొమ్ము కోసం ప్రత్యేకమైన కాయిల్ (ఎమ్మారై సంకేతాల్ని పట్టే పరికరం) ఉందా, ఎమ్మారైలో మాత్రమే కనపడే గడ్డకి బయాప్సీ చేయగలరా. నెలసరి ఇంకా వస్తున్నవాళ్లు మొదలైన 7వ రోజు నుంచి 15వ రోజు మధ్య తీయించుకుంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది.